పశ్చిమ ఉక్రెయిన్ కమ్యూనిస్టు పార్టీ ఎందుకు నిలవలేదు?

మీ ప్రశ్న ఇది: రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండ్‌లో అల్పసంఖ్యాకులుగా ఉన్న ఉక్రేనియన్ల తరఫున పనిచేసిన పశ్చిమ ఉక్రెయిన్ కమ్యూనిస్టు పార్టీ ఇరవై ఏళ్లు కూడా నిండకుండా ఎందుకు కనుమరుగైంది? పోలండ్ ప్రభుత్వం అణిచేసిందా, సొంతవాళ్లే ముంచారా? ఒకే దేశంలో పోలిష్ కమ్యూనిస్టు పార్టీ ఒకటి ఉండగా ఇంకొకటి ఎలా పుట్టింది? సెమినార్ పేపర్ కోసం అన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. నేను పీజీ విద్యార్థులకు ఆధునిక ఐరోపా చరిత్ర చెప్పినవాణ్ణి. జాతుల సమస్య మీద కామింటర్న్ (మాస్కో నుంచి నడిచిన ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి సంస్థ) కాలం నాటి తీర్మానాలు, తగాదాలు చదవడం, ఆ అంశం మీద థీసిస్ రాసేవాళ్లకు గైడ్‌గా ఉండడం చాలాకాలం నా పని.

ముందు సూటిగా జవాబు. పార్టీని రద్దు చేసింది మాస్కోలోని కామింటర్న్, 1938లో. పోలండ్ పోలీసులు దాన్ని నిషేధించారు, నాయకులను జైళ్లలో పెట్టారు, కానీ అంతం చేయలేకపోయారు. అయితే ఆ పార్టీ ప్రాణం పోయింది 1938లో కాదు, 1928లోనే అంటాను నేను. ఆ ఏడాది కేంద్ర కమిటీలో మెజారిటీని కామింటర్న్ వెళ్లగొట్టింది. తమ జనం పడే బాధను తమ నోటితో చెప్పుకునే హక్కు ఆ రోజుతో పోయింది. మిగిలిన పదేళ్లు కార్యకర్తలు ప్రాణాలకు తెగించి పనిచేశారు, అది కాదనలేం. కానీ ఏం మాట్లాడాలో నిర్ణయించే అధికారం వాళ్ల చేతిలో లేదు.

ఇక కారణాలు. మొదట భూగోళం. మ్యాప్ దగ్గర పెట్టుకోకుండా ఈ కథ చదివితే ఏమీ అర్థం కాదు. తూర్పు గలీసియా అంటే ఇవాళ్టి ఉక్రెయిన్‌లో ల్వీవ్ నగరం చుట్టూ ఉన్న పశ్చిమ ప్రాంతం. అది 1918 వరకు ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. సామ్రాజ్యం కూలగానే 1918 నవంబరులో అక్కడి ఉక్రేనియన్లు పశ్చిమ ఉక్రెయిన్ ప్రజా రిపబ్లిక్ ప్రకటించుకున్నారు. పోలండ్‌తో యుద్ధం వచ్చింది, 1919 జులైకల్లా ఓడిపోయారు. ఆ యుద్ధం నడుస్తుండగానే, 1919 ఫిబ్రవరిలో, స్తానిస్లావ్ పట్టణంలో ఈ పార్టీ పుట్టింది. దాన్ని ఇవాళ ఇవానో-ఫ్రాంకీవ్‌స్క్ అంటున్నారు. అప్పటి పేరు తూర్పు గలీసియా కమ్యూనిస్టు పార్టీ. 1920 వేసవిలో ఎర్ర సైన్యం వచ్చి తెర్నోపిల్ కేంద్రంగా గలీసియా సోవియట్ రిపబ్లిక్ ఒకటి నిలబెట్టింది. దాని అధినేత వొలొదిమిర్ జతోన్‌స్కీ. రెండు నెలలు దాటి కొన్నాళ్లు నడిచిందంతే, సైన్యం వెనక్కి తగ్గగానే అదీ పోయింది. 1921 మార్చిలో రీగా ఒప్పందంతో పోలండ్, సోవియట్‌ల మధ్య సరిహద్దు కుదిరింది. గలీసియా వైపు ఆ సరిహద్దు జ్బ్రుచ్ అనే చిన్న నది. ఇటు ఒడ్డున పోలండ్, అటు ఒడ్డున సోవియట్ ఉక్రెయిన్. రెండు ఒడ్డుల పల్లెల్లోనూ మాట్లాడేది ఉక్రేనియన్ భాషే. ఈ నదిని గుర్తుంచుకోండి, పార్టీ తలరాత అక్కడే తేలింది.

ఒకే రాజ్యంలో రెండు పార్టీలెలా అంటే, కామింటర్న్ నియమం ప్రకారం ఒక రాజ్యానికి ఒకే పార్టీ. కానీ తూర్పు గలీసియా పోలండ్‌దేనని మిత్రరాజ్యాల రాయబారుల సదస్సు గుర్తించింది 1923 మార్చిలోనే. అప్పటిదాకా అంతర్జాతీయంగా ఆ ప్రాంతం ఎవరిదో తేలలేదు కాబట్టి, పోలిష్ పార్టీ కింద మేమెందుకు ఉండాలని గలీసియా కమ్యూనిస్టుల్లో ఒక వర్గం గట్టిగా వాదించింది. వాళ్ల నాయకుడు ఒసిప్ వసిల్కీవ్. కాదు, పోలండ్‌లో ఉన్నాం కాబట్టి పోలిష్ పార్టీలో భాగంగానే ఉండాలన్నది రెండో వర్గం. చివరికి 1923లో రాజీ కుదిరింది. పార్టీ పేరు పశ్చిమ ఉక్రెయిన్ కమ్యూనిస్టు పార్టీగా మారింది, గలీసియాకు ఉత్తరాన ఉన్న వోలిన్ లాంటి ఇతర ఉక్రేనియన్ ప్రాంతాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. పోలిష్ పార్టీలో స్వయంప్రతిపత్తి గల భాగం, కానీ సొంత కేంద్ర కమిటీ, సొంత పత్రికలు. అదే ఏడాది పశ్చిమ బెలారుస్‌కూ ఇలాంటి పార్టీయే ఏర్పడింది. అంటే ఇది చీలిక పార్టీ కాదు, తిరుగుబాటు పార్టీ కాదు, అనుమతితో పుట్టిన ప్రాంతీయ పార్టీ. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగల అనుమతి అది.

అల్పసంఖ్యాకులు అనే మాట దగ్గర జాగ్రత్త. పోలండ్ మొత్తం మీద చూస్తే ఉక్రేనియన్లు అల్పసంఖ్యాకులు. 1931 జనాభా లెక్కల్లో ఉక్రేనియన్, రుథేనియన్ (ఉక్రేనియన్‌కే పాత పేరు) మాతృభాషలుగా నమోదైనవాళ్లు ఇద్దరూ కలిసి 44 లక్షల పైచిలుకు. దేశ జనాభా 3 కోట్ల 19 లక్షలు. కానీ తూర్పు గలీసియా పల్లెల్లో, వోలిన్‌లో వాళ్లే అధికం. ల్వీవ్ నగరంలోకి అడుగు పెడితే మళ్లీ పోలిష్ జనం, యూదులు ఎక్కువ. కాబట్టి పార్టీకి రైతులేమో ఉక్రేనియన్లు, పట్టణ కార్మికుల్లో పోలిష్‌లు, యూదులు పెద్ద సంఖ్యలో. పార్టీ సభ్యత్వంలో ఈ మూడు జాతులవాళ్లూ ఉన్నారు. విద్యార్థులు చాలామంది ఉక్రేనియన్ల పార్టీ అని ఒక్క మాటలో రాసేస్తారు. సభ్యులను బట్టి చూస్తే అది సరికాదు. ఎవరి సమస్య భుజాన వేసుకుంది అన్నదాన్ని బట్టే అది ఉక్రేనియన్ల పార్టీ.

సమస్యలు కూడా గాలిలోవి కావు. మొదటిది భూమి. 1920 చివర్లో చేసిన చట్టంతో తూర్పు సరిహద్దు జిల్లాల్లో పోలిష్ మాజీ సైనికులకు భూములిచ్చి స్థిరపరచడం మొదలైంది. ఎకరం, అరెకరంతో బతికే స్థానిక రైతు కళ్లముందే ఆ భూమి బయటివాళ్లకు వెళ్లింది. రెండోది బడి. 1924 నాటి విద్యా చట్టంతో ఉక్రేనియన్ బడులు వరసగా ద్విభాషా బడులయ్యాయి, అక్కడ పోలిష్ పెత్తనమే నడిచింది. భూమి, భాష ఒకే దెబ్బకు పోతున్నాయనిపించినప్పుడు రైతుకు వర్గం, జాతి వేరువేరుగా కనిపించవు. భూమి రైతుకు, బడి తన భాషలో, కావాలంటే విడిపోయే హక్కు అని ఈ పార్టీ మూడూ కలిపి ఒకే నోట చెప్పింది. అందుకే పల్లెల్లోకి దిగగలిగింది.

తెలంగాణ సాయుధ పోరాటం గురించి విన్నవాళ్లకు దీని పని తీరు వెంటనే బోధపడుతుంది. నిజాం రాజ్యంలో కమ్యూనిస్టులు ఆంధ్ర మహాసభ ద్వారా పల్లెల్లోకి వెళ్లారు, జనం దాన్ని ‘సంగం’ అనే పిలిచారు. అలాగే గలీసియాలో రహస్య పార్టీ వెనక ఉండి, పైకి సెల్‌రోబ్ అనే చట్టబద్ధమైన రైతు కార్మిక సంఘాన్ని నడిపింది. అది 1926లో ఏర్పడింది, 1932లో పోలండ్ ప్రభుత్వం నిషేధించింది. పఠన మందిరాలు, సహకార సంఘాలు, చివరికి ఊరి నాటక బృందాలు కూడా వాళ్ల పనికి వేదికలే.

పోలండ్ అణచివేత ఎంత పనిచేసింది అన్నదానికి ఒక్క కేసు చూడండి. 1921 అక్టోబరు 30న ల్వీవ్‌లోని సెయింట్ జార్జ్ కెథెడ్రల్ ఆవరణలో రహస్యంగా సమావేశమైన కమ్యూనిస్టులను పోలీసులు పట్టుకున్నారు. కమ్యూనిస్టులు చర్చి ఆవరణలో ఏంటని ఆశ్చర్యపోకండి, పోలీసులకు అనుమానం రాని చోటు కదా. 39 మంది మీద కేసు పెట్టారు, విచారణ 1922 చివర్లో మొదలై 1923 జనవరి దాకా సాగింది. నిందితులు కోర్టునే సభా వేదికగా మార్చుకున్నారు. చివరికి కోర్టు ఎక్కువమందిని విడిచిపెట్టింది, కొద్దిమందికే శిక్షలు పడ్డాయి. దీంతో పార్టీ పేరు అంతకుముందు వినని ఊళ్లకు కూడా పాకింది. నిర్బంధం తర్వాత్తర్వాత చాలా క్రూరంగా మారింది, 1934లో తెరిచిన బెరెజా కార్తూస్కా శిబిరంలో విచారణ లేకుండా పెట్టి కొట్టేవారు. అయినా పార్టీ నడుస్తూనే ఉంది. కాబట్టి ప్రభుత్వం అణిచేసింది కాబట్టి పోయింది అని రాస్తే ఎగ్జామినర్ ఒప్పుకోవచ్చు గానీ చరిత్ర ఒప్పుకోదు.

అసలు గండం నది అవతలి నుంచి వచ్చింది. 1920లలో సోవియట్ ఉక్రెయిన్‌లో ఉక్రేనీకరణ విధానం నడిచింది. బడులు, ఆఫీసులు, పత్రికలు, పార్టీ వ్యవహారాలు ఉక్రేనియన్‌లోకి మారాలన్నది దాని సారాంశం. గలీసియా కమ్యూనిస్టులకు ఇంతకంటే పెద్ద ప్రచార బలం లేదు. ఇక్కడ మన బడి మూస్తున్నారు, అక్కడ చూడండి తెరుస్తున్నారు అని ప్రతి ఊళ్లోనూ చెప్పారు. అది అబద్ధం కాదు, అప్పటికి నిజమే.

ఆ విధానానికి ముందు నిలిచింది విద్యా శాఖ కమిసార్, అంటే మంత్రి, ఒలెక్సాందర్ షూమ్‌స్కీ. ఆయన బొరొత్‌బిస్టుల నుంచి వచ్చినవాడు. వాళ్లది ఉక్రెయిన్‌లో మరో అల్పాయుష్షు కమ్యూనిస్టు పార్టీ. కామింటర్న్ తమకు సభ్యత్వం నిరాకరించడంతో 1920 మార్చిలో తమను తాము రద్దు చేసుకుని బోల్షివిక్కుల్లో కలిసిపోయారు. 1925లో స్టాలిన్ ఉక్రెయిన్ పార్టీ పగ్గాలు లాజర్ కగనోవిచ్‌కు అప్పగించాడు. ఉక్రేనీకరణ నత్తనడక నడుస్తోంది, కార్మికుల్లోకి, పార్టీలోకి వెళ్లడం లేదు, నాయకత్వంలో కగనోవిచ్ బదులు ఉక్రేనియన్ అయిన వ్లాస్ చుబార్ ఉండాలి అని షూమ్‌స్కీ నేరుగా స్టాలిన్‌కే చెప్పాడు. దానికి స్టాలిన్ జవాబు 1926 ఏప్రిల్ 26 నాటి లేఖ. షూమ్‌స్కీ ప్రమాదాన్ని చూడడం లేదనీ, కార్మికవర్గాన్ని పైనుంచి బలవంతంగా ఉక్రేనీకరించలేమనీ, మాస్కోకు దూరంగా జరగాలన్న రచయిత మికోలా ఖ్విల్యోవీ ధోరణి హానికరమనీ అందులో ఉంది. మీ పేపర్లో ఈ లేఖను తప్పకుండా పెట్టండి. 1927లో షూమ్‌స్కీ పదవి పోయింది.

ఇక్కడే గలీసియా పార్టీ తన చరిత్రలోకెల్లా ధైర్యమైన పని చేసింది. సోవియట్ ఉక్రెయిన్ పార్టీ కేంద్ర కమిటీలో తన ప్రతినిధిగా ఉన్న కార్లో మక్సిమోవిచ్ షూమ్‌స్కీ పక్షాన మాట్లాడాడు. సొంత కేంద్ర కమిటీలో మెజారిటీ ఆయనను సమర్థించింది. వాళ్ల వాదనను నా మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: ఉక్రేనియన్ భాషను గట్టిగా అడిగినందుకు సోవియట్ ఉక్రెయిన్‌లోనే విద్యా మంత్రిని తప్పిస్తే, రేపు మేం పల్లెకు వెళ్లి ఏ ముఖంతో మాట్లాడాలి? ఇందులో జాతి దురభిమానం నాకెక్కడా కనిపించదు. రోజూ రైతుతో మాట్లాడేవాళ్లకు కలిగే సహజమైన ఆందోళన ఇది. కానీ కామింటర్న్ దాన్ని విద్రోహం అంది. 1928 ఫిబ్రవరిలో వసిల్కీవ్, రోమన్ తుర్యాన్‌స్కీ తదితరులున్న మెజారిటీని బహిష్కరించింది, ఉక్రేనియన్ ఫాసిజం శిబిరంలో చేరిపోయారని ముద్ర వేసింది. వాళ్ల మీద దాడికి ముందు నిలిచినవాళ్లలో ఒకరు మికోలా స్క్రిప్నిక్, షూమ్‌స్కీ స్థానంలో వచ్చిన విద్యా కమిసార్. అయిదేళ్ల తర్వాత అదే జాతీయవాద ముద్ర ఆయన మీదే పడింది. 1933 జులై 7న తనను తాను కాల్చుకుని చనిపోయాడు. అదే ఏడాది మే 13న ఖ్విల్యోవీ కూడా అంతే.

బహిష్కృతులు కొన్నాళ్లు వేరే పార్టీగా నడవాలని చూశారు. పోలండ్‌లో నిషేధం, మాస్కో నుంచి బహిష్కారం, డబ్బు లేదు, పత్రిక నిలవదు. త్వరలోనే తప్పు ఒప్పుకుని గ్రూపును రద్దు చేసుకున్నారు. చాలామంది సోవియట్ ఉక్రెయిన్‌కు వెళ్లారు. 1933 నుంచి అక్కడ గలీసియా నుంచి వచ్చినవాళ్లందరి మీదా ఉక్రేనియన్ సైనిక సంస్థ అనే కట్టుకథ కేసు మొదలైంది. బహిష్కృతులే కాదు, 1928లో మాస్కో పక్షాన నిలిచి పార్టీ పగ్గాలు పట్టిన మిరోన్ జయాచ్‌కీవ్‌స్కీ కూడా అందులో అరెస్టయ్యాడు, తర్వాత కాల్చేశారు. విధేయంగా ఉన్నా ప్రాణం దక్కలేదు.

ఒక కుటుంబం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, క్లాసులో ఇది చెబుతున్నప్పుడు ఎప్పుడూ గది నిశ్శబ్దమైపోయేది. అంతిన్ క్రుషెల్నిత్‌స్కీ ల్వీవ్‌లో సోవియట్ అనుకూల పత్రిక నడిపిన రచయిత. 1930ల తొలినాళ్లలో ఇల్లూ వాకిలీ వదిలి, పిల్లలతో సహా సోవియట్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ వెళ్లి స్థిరపడ్డారు, కొత్త సమాజాన్ని కట్టడంలో పాలు పంచుకోవాలని. 1934 డిసెంబరులో కొడుకులు ఇవాన్, తరాస్‌లను కాల్చేశారు. తండ్రిని ఉత్తర రష్యాలోని సొలోవ్కీ ఖైదీల శిబిరానికి పంపి 1937లో కాల్చేశారు. మిగతా పిల్లలూ బతికి బట్టకట్టలేదు. ఇటు ఒడ్డున ఉండి అటు ఒడ్డును నమ్మినవాళ్ల కథ అది.

మళ్లీ పార్టీ దగ్గరికి వద్దాం. 1932-33లో సోవియట్ ఉక్రెయిన్‌లో మహా కరువు, లక్షల మంది చావు. ధాన్యం బలవంతపు సేకరణ, సామూహికీకరణ తెచ్చిన కరువు. వార్తలు జ్బ్రుచ్ దాటి వచ్చాయి. 1933 జులైలో గలీసియా గ్రీకు కేథలిక్ బిషప్పులు బహిరంగంగా దాన్ని ఖండించారు. 1929లో పుట్టిన ఉక్రేనియన్ జాతీయవాదుల సంస్థ ప్రతీకారమంటూ అక్టోబరులో ల్వీవ్‌లోని సోవియట్ కాన్సులేట్‌లో ఒక అధికారిని కాల్చి చంపింది. కమ్యూనిస్టు కార్యకర్త ఆ రోజుల్లో పల్లెకు వెళ్లి ఏం చెప్పాలి? కరువు లేదని చెప్పాలి. అది పార్టీ లైన్. అవతలి ఊళ్లో మేనమామ ఇంటివాళ్లు ఆకలితో పోయారని తెలిసిన రైతు ముందు ఆ మాట చెప్పాలి. 1927లో మక్సిమోవిచ్ లాగా మేం ఒప్పుకోం అనగల నాయకత్వం మిగిలి ఉంటే, కనీసం అబద్ధం ఆడకుండా ఉండేవాళ్లు. ఆ నోరు ముందే నొక్కేశారు. పల్లె యువకులు జాతీయవాదుల వైపు మళ్లడానికి ఇదొక్కటే కారణం అనను, పోలండ్ ప్రభుత్వం 1930 శరదృతువులో గలీసియా పల్లెల మీద సైన్యాన్ని, పోలీసులను వదిలి చేయించిన విధ్వంసం కూడా కోపాన్ని ఆ వైపే నెట్టింది. కానీ ఆ కోపాన్ని అందుకోవలసిన పార్టీ చేతులు కట్టేసి ఉన్నాయి.

పట్టణాల్లో మాత్రం 1930ల మధ్యలో మళ్లీ ఊపొచ్చింది. 1936 ఏప్రిల్‌లో ల్వీవ్‌లో నిరుద్యోగి వ్లాదిస్లావ్ కోజాక్‌ను పోలీసులు కాల్చి చంపితే, ఏప్రిల్ 16న అతని అంతిమయాత్ర మీద మళ్లీ కాల్పులు జరిపారు. పోలిష్, ఉక్రేనియన్, యూదు కార్మికులు ఒకే ఊరేగింపులో నడిచిన రోజది. మరుసటి నెలలోనే అక్కడ ఫాసిస్టు వ్యతిరేక సాంస్కృతిక సదస్సు జరిగింది. మూడు జాతులను ఒక చోట నిలబెట్టగల శక్తి ఈ పార్టీకి ఉండేదనడానికి నేను చూపే రుజువు ఇదే.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 1937లో పోలిష్ పార్టీ నాయకులను ఒక్కొక్కరినే మాస్కోకు పిలిపించి చంపారు. పోలండ్ గూఢచారులు పార్టీ నిండా చేరారన్నది ఆరోపణ. 1938లో పోలిష్ పార్టీని, దానితో పాటు పశ్చిమ ఉక్రెయిన్, పశ్చిమ బెలారుస్ పార్టీలను రద్దు చేశారు. రద్దయ్యేనాటికి చాలామంది కార్యకర్తలు పోలండ్ జైళ్లలోనే ఉన్నారు. బయట కన్నా వాళ్లకు అక్కడే ప్రాణాలు దక్కాయి.

మీ పేపర్‌కు పనికొచ్చే ఒక సలహా. ఈ పార్టీ నాయకులందరికీ మారుపేర్లున్నాయి. వసిల్కీవ్ అసలు పేరు క్రిలిక్. మక్సిమోవిచ్ అంటే సవ్రిచ్. తుర్యాన్‌స్కీ అంటే కుజ్మా. జయాచ్‌కీవ్‌స్కీ పార్టీలో కోసార్. ముందు ఒక పట్టిక వేసుకున్నాకే చదవడం మొదలెట్టండి. నా దగ్గర ఒక విద్యార్థి వసిల్కీవ్, క్రిలిక్ ఇద్దరు ప్రత్యర్థులనుకుని వాళ్ల మధ్య సిద్ధాంత విభేదాల మీద పేజీలకు పేజీలు రాసుకొచ్చాడు. తెలివైన కుర్రాడే, పట్టిక వేసుకోలేదంతే.

మన కమ్యూనిస్టులతో పోలిక అడిగారు. పోలిక ఉంది, కానీ పార్టీ నిర్మాణంలో కాదు. సీపీఐ 1942లో భారతదేశం బహుళ జాతుల దేశమనీ, జాతులకు స్వయం నిర్ణయ హక్కు ఉండాలనీ తీర్మానించింది. 1946లో పుచ్చలపల్లి సుందరయ్య విశాలాంధ్ర వాదాన్ని పుస్తకంగా తెచ్చారు. భూమి, భాష కలిపి చెప్పడం అక్కడా ఇక్కడా ఒకటే. కానీ తెలుగువాళ్లకంటూ వేరే కేంద్ర కమిటీ ఉన్న పార్టీ లేదు, ఉన్నది ఒకే పార్టీలో ఆంధ్ర శాఖ. ఇంకో తేడా మరీ పెద్దది: తెలుగువాళ్లు కూడా నిజాం రాజ్యం, బ్రిటిష్ పాలన మధ్య చీలే ఉన్నారు గానీ, వాటిలో ఏదీ సోవియట్ రాజ్యం కాదు. కాబట్టి గలీసియా కష్టం మనకు రాలేదు. దీన్ని రెండు వాక్యాల్లో రాసి వదిలేయండి, అధ్యాయం చేయకండి.

చివరగా, తర్వాత ఏమైందని అడిగారు. 1939 సెప్టెంబరులో సోవియట్ సైన్యం గలీసియాలోకి వచ్చింది, పార్టీ ఇరవై ఏళ్లు కోరుకున్న ఏకీకరణ జరిగింది. కానీ పాత సభ్యులను నేరుగా పార్టీలో చేర్చుకోలేదు, రద్దయిన పార్టీవాళ్లన్న అనుమానం వెంటాడింది. 1956 ఫిబ్రవరిలో, సోవియట్ పార్టీ 20వ మహాసభ రోజుల్లో, అయిదు కమ్యూనిస్టు పార్టీలు కలిసి 1938 రద్దుకు ఆధారం లేదని ప్రకటించాయి. పార్టీలో పెరిగిన రోమన్ రోస్దోల్‌స్కీ అప్పటికి అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉన్నారు. 1898లో ల్వీవ్‌లో పుట్టి, యూదులకు సాయం చేసినందుకు నాజీల ఆష్‌విట్జ్ శిబిరానికి వెళ్లి బతికి బయటపడిన ఆయన, మార్క్స్ ఆర్థిక రచనల మీద ప్రపంచం గుర్తించిన పండితుడయ్యారు. చరిత్ర లేని జాతులు అంటూ చిన్న స్లావ్ జాతులను కొట్టిపారేసిన ఎంగెల్స్ అభిప్రాయం తప్పని వివరంగా రాసిందీ ఆయనే. 1928 వాదన మీకు పూర్తిగా అర్థం కావాలంటే ఆయన రచనలతో మొదలుపెట్టండి. ఇంకేదైనా సందేహం వస్తే ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.